తలుపు రబ్బరు కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. విడిభాగాలు అమ్మేవారు దీన్ని గ్యాస్కెట్ అంటారు, ఇళ్లలో రబ్బరనే అంటారు. ఇక్కడ రెండు మాటలూ కనబడతాయి, వస్తువు మాత్రం ఒకటే.

ప్రశ్న: మా రెండు తలుపుల ఫ్రిజ్‌లో కింది తలుపు రబ్బరు ఒక మూల చిరిగింది. దాన్ని ఊడదీసి, నేలమీద పరిచి, టేపుతో కొలిచి, సరిగ్గా ఆ కొలతకే కొత్తది తెప్పించాను. బిగించబోతే నిలువు వైపు 8 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. పై మూల పెడితే కింది మూల ఊడి వస్తోంది, కింది మూల పెడితే పైది. అమ్మినవారిని అడిగితే నేనిచ్చిన కొలతకే ఇచ్చామంటున్నారు. పొరపాటు ఎక్కడ జరిగింది? సరైనదాన్ని ఎలా ఎంచుకోవాలి?

జవాబు: మీ టేపుదేమీ తప్పు లేదు. దాన్ని పాత రబ్బరు మీద పెట్టడమే తప్పయింది. మనం రబ్బరు అని పిలుచుకునే ఈ వస్తువు చాలావరకు మెత్తదనం కోసం కొన్ని ద్రవ్యాలు కలిపి తయారుచేసిన పీవీసీ. ఆ ద్రవ్యాలు ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా బయటికి పోతుంటాయి. పోయేకొద్దీ గ్యాస్కెట్ బిరుసెక్కుతుంది, పొడవు తగ్గుతుంది, మూలల దగ్గర చిట్లుతుంది. గాడిలో బిగుసుకుని ఉన్నంతకాలం ఈ తగ్గుదల బయటపడదు. ఊడదీసి నేలమీద పరచగానే బిగువు వదిలి ముడుచుకుంటుంది. ఒక్కోసారి దీనికి పూర్తిగా విరుద్ధంగా, ఊడదీసేటప్పుడు గట్టిగా లాగడంవల్ల సాగిపోయి, దాన్ని చూసి కొన్న కొత్తది అవసరానికి మించి పొడవుగా వస్తుంది. ఎటు చూసినా పాతదాని కొలత నమ్మదగినది కాదు. తలుపు మాత్రం కుంచించుకుపోదు కదా, కొలత దాని మీదనే తీసుకోవాలి.

అయితే కొలతకన్నా ముందు చూడవలసింది మోడల్ నంబరు. ఫ్రిజ్ లోపలి పక్కగోడ మీద, చాలాసార్లు అడుగున కూరగాయల సొరుగు వెనకాల, ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. ఫ్రీజర్లలో అయితే తలుపు చట్రం మీదో వెనుకవైపో ఉండవచ్చు. తలుపు పైభాగాన మెరిసే అక్షరాల్లో ఉండే పేరు వ్యాపారం కోసం పెట్టుకున్నది, దానితో రబ్బరు దొరకదు. స్టిక్కరు మీదున్న మోడల్ నంబరును చివరి అక్షరం వరకు, మధ్యలో వచ్చే అడ్డగీతలతో సహా రాసుకోవాలి. ఒకే మోడల్‌ను తయారీదారు కొన్నేళ్లపాటు అమ్ముతూ మధ్యలో తలుపు నిర్మాణాన్ని మార్చిన సందర్భాలు ఉంటాయి, ఆ మార్పు చివరి రెండు అక్షరాల్లోనో ఉత్పత్తి నంబరులోనో మాత్రమే కనిపిస్తుంది. నా మాట విని రాసుకోవడం కాదు, ఫోటో తీసి పెట్టుకోండి. సున్నాను ‘ఓ’ అని, ఒకటిని ‘ఐ’ అని రాసుకుని ఇబ్బంది పడినవారిని చాలామందిని చూశాను. రెండు తలుపుల ఫ్రిజ్‌కు రెండు వేర్వేరు గ్యాస్కెట్లు ఉంటాయి కనుక మీకు కావలసింది ఫ్రీజరు తలుపుదా, కింది తలుపుదా అన్నది కూడా చెప్పాలి. వెడల్పు రెంటికీ ఒకటే అనిపించినంత మాత్రాన ఒకదాన్ని కత్తిరించి రెండోదానికి వాడవచ్చనుకోకండి.

మోడల్ నంబరుతో దొరికితే అక్కడితో సగం తలనొప్పి తీరినట్టే. దొరకనప్పుడు, స్టిక్కరు చెరిగిపోయినప్పుడు, మూడు సంగతులు మీరే తేల్చుకోవాలి: అది తలుపుకు ఎలా పట్టుకుని ఉంది, దాని అడ్డుకోత ఆకారం ఏమిటి, తలుపు కొలత ఎంత.

మొదటిది అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది అడగనిదీ అదే. తలుపు తెరిచి, ఒక మూల దగ్గర రబ్బరు లోపలి అంచును వేళ్లతో పైకెత్తి చూడండి. కింద స్క్రూల తలలు వరుసగా కనిపిస్తే అది స్క్రూలతో బిగించే రకం; గ్యాస్కెట్ చదునైన అంచు తలుపు లోపలి ప్లాస్టిక్ పలక కింద గానీ, ఒక పట్టీ కింద గానీ నొక్కుకుని ఉంటుంది. స్క్రూలు ఏమీ లేకుండా, లాగితే ‘టప్’మంటూ ఊడి, దాని వెనుక బాణపు మొన లాంటి తోక కనిపిస్తే అది గాడిలో నొక్కి పెట్టే రకం, ఇప్పుడు వచ్చే ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువ ఇదే. కొన్నింటిలో రబ్బరు తలుపులోని ఫోముతో పాటే అతుక్కుపోయి ఉంటుంది; ఎంత లాగినా చిరుగుతుందే తప్ప ఊడదు. అటువంటి తలుపుకు విడిగా గ్యాస్కెట్ అమ్మరు, తలుపు మొత్తం మార్చమనే చెబుతారు. దుకాణదారు మోసం చేస్తున్నాడని అనుకోకుండా ముందే ఈ సంగతి చూసుకుంటే మంచిది.

ఇక కొలత. మీది ఒక మూల పెడితే ఇంకో మూల ఊడి వస్తోందని రాశారు కాబట్టి గాడి రకమే. ఎడమ గాడి నడిమధ్య నుంచి కుడి గాడి నడిమధ్య వరకు అడ్డం కొలవాలి; పై గాడి నడిమధ్య నుంచి కింది గాడి నడిమధ్య వరకు నిలువు కొలవాలి. అంచు నుంచి అంచుకు కొలిస్తే అది తయారీదారుకు పనికిరాని సంఖ్య. స్క్రూల రకంలో మాత్రం గ్యాస్కెట్ తలుపు మీద ఉండగానే దాని బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలుస్తారు. మీరు ఏ కొలత ఇస్తున్నారో, గాడి మధ్యకా బయటి అంచుకా అన్నది మాటల్లో చెప్పకపోతే సంఖ్య సరైనదైనా వచ్చే వస్తువు తప్పుది అవుతుంది. అడ్డం కొలతను పైన ఒకసారి, కింద ఒకసారి. నిలువు కొలతను రెండు పక్కలా తీసుకోండి. రెండు అడ్డాలు కలవకపోతే మళ్లీ కొలవండి, అప్పటికీ కలవకపోతే తలుపే వంకర తిరిగి ఉండవచ్చు. అన్నీ మిల్లీమీటర్లలోనే రాయండి, సెంటీమీటర్లకు సరిచేయకండి. మీకు తగ్గింది 8 మిల్లీమీటర్లే. కాగితం మీద ఒక సెంటీమీటరుకు సరిచేసే అలవాటులో మాయమయ్యే తేడా అదే.

అడ్డుకోత ఆకారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. చిరిగిన చోట మీ పాత రబ్బరును ఒకసారి కంటికి దగ్గరగా పెట్టి చూడండి. అడుగున గాడిలోకి దిగే తోక, దాని రెండు పక్కలా ముళ్లలా వెనక్కి వంగిన సన్నని రెక్కలు. దానిపైన ఒకటో రెండో బోలు గదులు, హార్మోనియం తిత్తి మడతల్లా. అన్నిటికన్నా పైన చదునైన సంచిలో దూరి ఉన్న ముదురు రంగు అయస్కాంతపు పట్టీ. తలుపు మూయగానే అయస్కాంతం ఎదుటి ఇనుప చట్రానికి ఎగిరి అతుక్కుంటుంది, తిత్తి సాగి దానికి దారి ఇస్తుంది. తలుపుకూ చట్రానికీ మధ్య ఖాళీ అన్నిచోట్లా సమానంగా ఉండదు కాబట్టి ఆ తేడాను పూడ్చేది ఈ తిత్తే. అందువల్ల కొత్తదాంట్లో తోక కొలత సరిపోయి, తిత్తి ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువైతే గాడిలో చక్కగా కూర్చుంటుంది గానీ చట్రాన్ని అందుకోదు. ఎత్తు ఎక్కువైతే కీళ్ల వైపు నలిగి తలుపును వెనక్కి నెడుతుంది. తోక మందం, తోక లోతు, తిత్తి ఎత్తు, మొత్తం వెడల్పు అనే నాలుగు కొలతలను స్కేలు పక్కన పెట్టి తీసిన ఒక ఫోటోతో పాటు అమ్మేవారికి పంపండి. లోపలి వైపు అదనంగా వేలాడే పల్చటి రెక్క ఉంటే అది కూడా ఫోటోలో కనబడాలి. కొత్తది చేతికి వచ్చేదాకా పాతదే కాపలా కాయాలి కనుక తొందరపడి ముక్క కోయవద్దు. చిరిగిన చోటే కావలసినదంతా కనబడుతుంది.

చివరిగా, ఆ 8 మిల్లీమీటర్లు తక్కువైనదాన్ని వేడినీళ్లలో వేసి సాగదీయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వేడి మడతలను పోగొడుతుందే గాని పొడవును పెంచదు. పైపొర సాగినా లోపలి అయస్కాంతపు పట్టీ సాగదు; దానితో మూలల దగ్గర అయస్కాంతం లేని ఖాళీలు మిగులుతాయి, నాలుగు రోజుల్లో గాడి నుంచి తోక బయటికి వస్తుంది. దాన్ని వాపసు చేయడమో వదులుకోవడమో తప్ప బిగించే ప్రయత్నం చేయకండి.

ప్రశ్న: మా ఫ్రీజర్‌లో మంచు త్వరగా పేరుకుంటోంది. మెకానిక్ చూసి రబ్బరు మార్చాలన్నారు. చూడ్డానికి ఎక్కడా చిరగలేదు. మార్చక తప్పదా?

జవాబు: మార్చే ముందు ఒక అరగంట వెచ్చించండి. సన్నగా కత్తిరించిన కాగితాన్ని తలుపు అంచులో పెట్టి మూసి, మెల్లగా లాగి చూడండి. కొంచెం పట్టు తగులుతూ రావాలి. ఏ మాత్రం ఆగకుండా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. ఇలా చుట్టూ పది పన్నెండు చోట్ల, ముఖ్యంగా మూలల దగ్గర చూడాలి. గది చీకటి చేసి, లోపల వెలిగించిన టార్చిని తలుపు వైపు తిప్పి ఉంచి మూస్తే పెద్ద సందులు వెలుగుగీతలుగా బయటపడతాయి. టార్చిలో ఏమీ కనబడలేదని కాగితాన్ని వదిలేయకండి, పల్చటి సందుల్లోంచి వెలుగు కనబడకపోయినా గాలి దూరుతుంది.

సందు దొరికాక కూడా రబ్బరును వెంటనే దోషిని చేయకూడదు. మడతల్లో చేరిన జిడ్డు, దుమ్ము చాలు, అయస్కాంతాన్ని చట్రానికి దూరంగా ఉంచడానికి. గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో మడత మడత విప్పి తుడవండి, చట్రం మీద రబ్బరు తగిలే చోటును కూడా తుడవండి, ఆరాక మళ్లీ కాగితం పెట్టి చూడండి. బ్లీచింగ్ ద్రవాలు, థిన్నరు, పెట్రోలు వంటివి వాడితే రబ్బరు మరింత త్వరగా బిరుసెక్కుతుంది. సొరుగో, అరో, లోపలి డబ్బా మూతో తలుపును లోపలి నుంచి నెడుతోందేమో చూడండి. వినడానికి నవ్వు వస్తుంది గానీ గ్యాస్కెట్ మార్చిన తరువాత ఆ డబ్బా దొరికిన ఇళ్లు నాకు తెలుసు. పై కీలు వదులై తలుపు ఒక పక్కకు వాలితే ఎదుటి పై మూలలో సందు వస్తుంది, అప్పుడు బిగించాల్సింది కీలును.

మంచు ఎక్కడ పేరుకుంటోందో కూడా గమనించండి. తలుపు దగ్గర, సందు ఉన్న వైపున ఎక్కువగా ఉంటే గాలి అక్కడి నుంచే వస్తున్నదని గట్టిగా అనుకోవచ్చు. దానంతటదే మంచు కరిగించుకునే ఫ్రిజ్‌లో వెనుక గోడ మీద మాత్రమే దట్టంగా గడ్డకడుతూ, కాగితం అన్నిచోట్లా పట్టుగా ఉంటే, ఆ మంచు కరిగించే హీటరునో దాని సెన్సారునో పరీక్షించమని అడగండి. అలాంటి లోపానికి కొత్త రబ్బరు వేయించడం డబ్బు దండగ. తలుపు చట్రం ముట్టుకుంటే వెచ్చగా ఉందని కంగారుపడేవారు కూడా ఉన్నారు. చాలా ఫ్రిజ్‌లలో అక్కడ చెమట పట్టకుండా వేడి గొట్టాన్ని ఉద్దేశపూర్వకంగానే చట్రం వెంట నడుపుతారు; అది లీకేజీకి గుర్తు కాదు.

ప్రశ్న: సరైన మోడల్ గ్యాస్కెట్టే వచ్చింది. గాడిలో బాగానే కూర్చుంది. కాని కీళ్ల వైపు అరచేయంత పొడవున చట్రానికి అంటుకోవడం లేదు. లోపం ఉన్న వస్తువు వచ్చిందనుకోవాలా?

జవాబు: ఒక రోజు ఆగండి. గ్యాస్కెట్లను మడిచి, చుట్టి, ఇరుకు పెట్టెల్లో పంపుతారు కాబట్టి ఆ మడతలు అలాగే నిలిచిపోతాయి. బిగించే ముందే దాన్ని చదునుగా పరిచి కొన్ని గంటలు వెచ్చటి గదిలో ఉంచాలి, లేదా చేయి పెట్టగలిగినంత వేడి నీళ్లలో కొద్దిసేపు నానబెట్టాలి. మరిగే నీళ్లు వద్దు. ఇప్పటికే బిగించేశారు కనుక జుట్టు ఆరబెట్టే డ్రయ్యరును ఒక జానెడు దూరంలో ఉంచి, కదుపుతూ, సందు ఉన్నచోట వెచ్చచేసి, మడతను వేళ్లతో బయటికి లాగి, తలుపు మూసి చల్లారనివ్వండి. ఒకే చోట నిలిపితే రబ్బరు కరిగిపోతుంది, లోపలి ప్లాస్టిక్ పలక కూడా వంగుతుంది. కీళ్ల వైపు తలుపు మూసుకునేటప్పుడు రబ్బరు చట్రం మీద రాసుకుంటూ జారుతుంది కాబట్టి అక్కడ ముడుచుకుపోవడం సహజం. ఆ ఒక్క వైపున పెట్రోలియం జెల్లీని వేలికి అంటీ అంటనట్టు తీసుకుని రాస్తే రాపిడి తగ్గి సరిగా కూర్చుంటుంది.

రెండు రోజులైనా మారకపోతే అప్పుడు అనుమానించండి. మీ తలుపు గాడిలో నొక్కే రకమని అర్థమవుతోంది గాని, స్క్రూల రకం ఉన్నవారి కోసం ఒక మాట. కొన్ని తలుపుల్లో అవే స్క్రూలు లోపలి పలకను కూడా పట్టి ఉంచుతాయి. అన్నీ ఒకేసారి విప్పితే పలక వదులై తలుపు మెలితిరుగుతుంది, తరువాత ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా ఒక మూల ఎప్పుడూ ఎడంగానే ఉంటుంది. పూర్తిగా తీయకుండా వదులు చేసి, పాతదాన్ని జార్చి, కొత్తదాన్ని మూలల నుంచి మొదలుపెట్టి దూర్చి, తలుపు మూసి నాలుగు వైపులా సమానంగా తగులుతున్నదో లేదో చూశాకే స్క్రూలను బిగించాలి. బిగించడం కూడా కొద్ది కొద్దిగా, ఎదురెదురు మూలలుగా.

ప్రశ్న: పొడవు చొప్పున అమ్మే పట్టీలను కొని, మూలల దగ్గర కోసి అతికించుకోవచ్చునా? ఏ ఫ్రిజ్‌కైనా పనికొస్తాయని రాసి ఉంది.

జవాబు: ఏ ఫ్రిజ్‌కైనా అన్న మాటను నమ్మకండి. తోక ఆకారం మీ గాడికి సరిపడకపోతే ఆ పట్టీ ఏ ఫ్రిజ్‌కైనా పనికొచ్చినా మీదానికి పనికిరాదు. ఆకారం సరిపోయిందనుకుందాం; అప్పుడు సమస్య మూలల్లో ఉంటుంది. కర్మాగారంలో నాలుగు పట్టీల కొసలను 45 డిగ్రీల కోణంలో కోసి, వేడితో కరిగించి ఒకటిగా అతుకుతారు. ఇంట్లో కత్తితో కోసి జిగురుతో అంటించిన మూల అంత మెత్తగా ఉండదు, రోజుకు పదులసార్లు తెరిచి మూసే తలుపుకు అక్కడే మొదట విడిపోతుంది. తయారీ ఆగిపోయిన పాత మోడలుకు ఇంకే దారీ లేనప్పుడు మాత్రమే దీన్ని ఎంచుకోవాలని నా అభిప్రాయం. దానికన్నా మీ తలుపు కొలత, పాతదాని ఆకారం పంపిస్తే మూలలు అతికి చేసి ఇచ్చేవారి దగ్గర చేయించుకోవడం మేలు.

ప్రశ్న: తెల్లదాని బదులు బూడిదరంగుది వచ్చింది. వాడవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. ఆకారం, కొలత, అయస్కాంతం ఉన్న వైపు సరిపోతే రంగుతో చల్లదనానికి సంబంధం లేదు. ముదురు రంగు మీద బూజు మచ్చలు ఆలస్యంగా కనబడతాయి కాబట్టి తుడవడం మాత్రం మరిచిపోకండి.

ప్రశ్న: పైకి తెరిచే మూత ఉన్న పెట్టె ఫ్రీజరుకు కూడా ఇవే పద్ధతులా?

జవాబు: కొలిచే పద్ధతి అదే. తేడా ఏమంటే మూత తన బరువుతో గ్యాస్కెట్‌ను నొక్కుతుంది, వెనుక కీళ్లలోని స్ప్రింగులు ఆ బరువును మోస్తాయి. స్ప్రింగు బలహీనపడినా, కీలు వంగినా మూత ఒక పక్కకు కుంగి, ఎదుటి పక్క లేచి ఉంటుంది. రబ్బరు కొనే ముందు మూతను నాలుగు మూలల దగ్గర చేత్తో కొద్దిగా నొక్కి చూసి, నొక్కినప్పుడు మాత్రమే సందు పూడుతున్నదంటే కీళ్ల సంగతి ముందు చూడండి. అంచుమీద పేరుకున్న మంచును కత్తితో గీకవద్దు. కొత్త గ్యాస్కెట్‌కు కత్తిగాట్లు పెట్టి మళ్లీ మాకే ఉత్తరం రాసినవారు ఉన్నారు.

ప్రశ్న: మా ఇంట్లో చాలా పాత ఫ్రిజ్ ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది. దాని తలుపు గొళ్లెంలాంటి పిడితో బిగుసుకుంటుంది. రబ్బరులో అయస్కాంతం లేదు. ఇప్పటి అయస్కాంతపు గ్యాస్కెట్ దానికి వేయవచ్చా?

జవాబు: వేయకూడదు. మీ ఫ్రిజ్‌లో తలుపును బిగించేది గొళ్లెం. రబ్బరు పని ఆ ఒత్తిడికి నలిగి సందును పూడ్చడం మాత్రమే. అందుకే అది మందంగా, బోలుగా, అయస్కాంతం లేకుండా ఉంటుంది. ఇప్పటి గ్యాస్కెట్‌కు ఆ మందం ఉండదు కనుక గొళ్లెం పడినా రబ్బరు చట్రాన్ని నొక్కదు. మందమైనది వెతికి పెడితే గొళ్లెమే పడదు. పాతదాని మందాన్ని నలగని చోట, అంటే కీళ్లకు దూరంగా ఒక మూల దగ్గర, కొలిచి, అదే మందంలో బోలు రబ్బరు దొరుకుతుందేమో చూడాలి.

గొళ్లెం తలుపులు మూలపడటానికి ఒక కారణం ఉంది. లోపలికి దూరిన పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయిన సంఘటనలు పెరగడంతో అమెరికాలో 1956లో ఒక చట్టం వచ్చింది; ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకునేలా ఉండాలన్న నిబంధన 1958 అక్టోబరు 30 నుంచి తయారైన వాటికి వర్తించింది. నెడితే తెరుచుకునే అయస్కాంతపు రబ్బరు ఆ అవసరానికి చక్కగా సరిపోయింది. మీ ఫ్రిజ్‌కు రబ్బరు దొరక్క వాడకం మానేసే పరిస్థితి వస్తే, దాన్ని పెరట్లోకో మేడమీదికో చేర్చేలోగానే తలుపును కీళ్ల నుంచి ఊడదీసి విడిగా పెట్టండి.